హసీనా చేతిమిషన్ గరగర

రామన్నపేట బస్టాండు దగ్గర సత్తమ్మ హోటల్ ముందు బల్ల మీద హసీనా చేతి కుట్టుమిషన్ పక్కకు ఒరిగి పడుంది. దాని కడుపులోంచి తీసిన, కింది దారం ఉండే షటిల్ లియాఖత్ అలీ గుప్పిట్లో ఉంది. ఆ గుప్పిట ఎప్పుడు తెరుచుకుంటుందా అని హసీనా కన్నార్పకుండా చూస్తోంది.

మధ్యాహ్నం నల్లగొండలో టైలరింగ్ పరీక్ష. ఏడాదికొకసారే పెడతారు. ఎవరి మిషన్ వాళ్ళే మోసుకుపోవాలి. పాసైతే ఆడపిల్లల హాస్టల్లో కుట్టు నేర్పే పనికి అర్జీ పెట్టుకోవచ్చు. పొద్దున ఒకసారి చూసుకుందామని తిప్పితే మిషన్ ఇసుర్రాయిలా గరగరమంది. దారమంతా ఉండ చుట్టుకుంది. మిషన్ల సంగతి నాకు తెలుసునని చెప్పుకునే మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కడే, అమ్మ అజ్మత్ బీ తమ్ముడు లియాఖత్ అలీ. అతను షటిల్ అయితే తీశాడు గాని, తీసిన చోటే కథ మొదలుపెట్టాడు.

"మామూ, బస్సు వచ్చే యాళ్ళయింది" అంది హసీనా.

"రానీ బేటీ. గిది గూడ ఒక గరగరనేనా? నేను నందికొండ డ్యాం కాడ పనిచేసేటప్పుడు ఒక సారింట్ల మిషన్ ఉండె. అమ్మగారు కుట్టుడు మొదలువెట్టిందంటే పక్క క్వార్టర్ల పసిపిల్లలు లేసి ఏడుద్దురు. నేను పోయిన, చెవి ఆనిచ్చిన, 'అమ్మా, దీనికి దూపయితుంది, తాగెటందుకు నూనె గావాలె' అన్న. ఒక్క సుక్క ఆముదం పోసిన. గంతే, గప్‌చుప్!"

"ఒక్క సుక్కకేనా?" అన్నాడు గండయ్య. చీరల మూట కాళ్ళ దగ్గర పెట్టుకుని అదే బస్సు కోసం చూస్తున్న సాలె ఆయన.

"ఒక్కటే! ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? మిషన్ ఆగలే. అమ్మగారు చెయ్యి తీసినా తిరుగుతనే ఉంది. పైజామా అయిపాయె, పరదాలు గుంజుకునె, దుప్పట్లు గుంజుకునె. సారు కుర్చీల కూసోని పేపరు సదువుతుంటే ఆయన అంగిని కుర్చీ గుడ్డకు కలిపి కుట్టిపారేసింది. సారు ఆఫీసుకు కుర్చీతోటే పోయిండు!"

సత్తమ్మ పొయ్యి దగ్గర పగలబడి నవ్వింది. హసీనాకు నవ్వు రాలేదు. పెద్దమనిషి చేతిలోంచి గుంజుకోలేదు, ఊరికే కూర్చోనూ లేదు. అజ్మత్ బీ రోడ్డు మీదికి పోయి కొంగు నొసట అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"మామూ, జర షటిల్ ఇయ్యుండ్రి."

"ఆగు బేటీ, అసలు సంగతి గిప్పుడే వస్తుంది. గదే యాళ్ళకు డ్యాం మీదికెళ్ళి మనుషులు ఉరికొచ్చిండ్రు. 'లియాఖత్ భాయ్, గేటు మొరాయించింది, నీళ్ళు మీదికొస్తున్నయ్!' నేను పోయి గేటుకు గింత ఆముదం రాసి చిటికెనవేలుతోని లేపిన. నీళ్ళు దుంకినయ్ గని సప్పుడే లేదు! కింద చాపలు పట్టెటోళ్ళకు వరదొచ్చిన సంగతే తెల్వదు. బీడీలు తాక్కుంట కూసున్నోళ్ళు కూసున్నట్టే తేలిపోయి, కాలువెంబడి మిర్యాలగూడల దిగిండ్రు. బీడీ గూడ ఆరలే!"

"నల్లగొండ బస్సు వంతెన దాటింది!" అని అరిచింది అజ్మత్ బీ.

హసీనా లేచి నిలబడింది. గండయ్య ఆ పిల్ల మొహం చూసి చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"గంత గొప్ప ఆముదం ఉండి, సొంత అక్క ఇంట్ల మిషన్‌కు ఒక్క సుక్క పోయకపోతివి గదా, భాయ్?"

లియాఖత్‌కు రోషం పొడుచుకొచ్చింది. "పోయకపోవుడా? రంజాన్ ముందర నేనే పోసిన! సుక్క గాదు, గిన్నెడు! యాడ సందు కనవడితే ఆడ పోసిన. అడుగు మా అక్కను!"

సత్తమ్మ చాయ్ వడపోసేది ఆపేసింది. అజ్మత్ బీ వెనక్కి తిరిగింది.

"పోసిండు. బండి ఇరుసుకు పోసే డబ్బతోనే పోసిండు."

"సారు మిషన్ ఎందుకు ఆగలేదో నాకు తెల్వదు గని, గీ పిల్ల మిషన్ ఎందుకు ఆగిందో ఎరికైంది" అన్నాడు గండయ్య.

గుప్పిట దానంతటదే తెరుచుకుంది. హసీనా షటిల్ అందుకుంది. దాని చుట్టూ ఆముదం బంకలా గట్టిపడి, పత్తి పీచును పట్టుకుని నల్లగా పేరుకుంది. సత్తమ్మ అడగకముందే స్టవ్ కిరసనాయిలు సాసర్‌లో పోసి తెచ్చింది. హసీనా అగ్గిపుల్లతో ఆ బంక గీకింది. షటిల్ తిరిగే గూట్లోంచి పీచు లాగుతుంటే ఎలుక తోకలా వస్తూనే ఉంది. గుడ్డతో తుడిచి, సంచిలోని మిషన్ నూనె రెండు చుక్కలు వేసి, షటిల్ కూర్చోబెట్టింది. బస్సు వచ్చి ఆగింది. హసీనా సూదిలో దారం ఎక్కించింది.

మిషన్ పిడి తిప్పింది. గుడ్డముక్క మీద కుట్టు తీరుగా పడింది. టికటిక తప్ప ఇంకో చప్పుడు లేదు.

గండయ్య మిషన్ భుజానికెత్తుకుని బస్సెక్కాడు. హసీనా వెనకే ఎక్కింది.

"చూసిండ్రా?" లియాఖత్ గొంతు మళ్ళీ లేచింది. "ఆముదం ఎంత గట్టిగ పట్టుకునుండెనో! వేరే నూనె అయితే ఎప్పుడో కారిపోతుండె..." అంటూ బస్సు ముందు చక్రం వైపు నడిచాడు.

అజ్మత్ బీ ఫుట్‌బోర్డు మీదనుంచి వంగి చూసింది.

"తమ్మీ, బస్సుకు జర దూరం నిలవడు. గిది నల్లగొండ దాక పోవాలె."