అడిగేటోళ్లు

హనుమకొండలో మానసిక వైద్యురాలి క్లినిక్ బయట, అనసూర్య, ఆమె కూతురు మహిత ఆటో కోసం నిలబడి ఉన్నారు.

“అంతసేపు ఏం మాట్లాడినవే ఆమెతోని?”

“అన్ని మాట్లాడిన అమ్మా.”

“అన్ని అంటే?”

“అన్ని అంటే అన్ని.”

“నేను తిన్నవా అంటే ‘ఊఁ’ అంటవ్. గంతే. గామెకేమో కడుపుల ఉన్నదంతా చెప్తవ్. ఏం మందు వెట్టిందో.”

“అమ్మా, ఆటో వస్తాంది.”

“పోనియ్. అద్దంలకెళ్లి చూసిన నేను. నీ చెయ్యి పట్టుకున్నదామె.”

“ఏడుస్తాంటే పట్టుకున్నది.”

“నేను పట్టుకుంటే ఇదిలిచ్చుకుంటవ్.”

“మళ్ల మొదలువెట్టకు.”

“సరే తీ. రోగం పేరేందట?”

“బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్. మనసు కుదురుగ ఉండదట. మనోళ్లనుకున్నోళ్లు జర దూరం జరిగినా, ఇడిసిపెట్టి పోతాండ్రని పానం కొట్టుకుంటదట. నా దోస్తు సౌమ్య ఫోన్ ఎత్తని రోజు నేనేం చేసుకున్ననో నీకెరుకే గదా.”

“ఎరుకే. ఎందుకొచ్చిందట?”

“గిదొక్కటే అని చెప్పరాదట. కొందరికి పుట్టుకతోనే మనసు పల్చగ ఉంటదట. ఇంట్ల ఇంకెవలికన్న ఉన్నా రావచ్చట. దానికి తోడు చిన్నప్పుడు ఏడిస్తే ఎవలు ఇనకపోతే...”

“నేను ఇనలేదని చెప్పినవ్.”

“మగ్గాల షెడ్డు ముచ్చట చెప్పిన.”

“ఏం ముచ్చట?”

“ఏడిస్తే అండ్ల కూసోవెట్టి తలుపేసేదానివి. ఆ పవర్‌లూమ్ సప్పుడుల నా ఏడుపు నాకే ఇనరాకపోయేది.”

“నిన్ను సంకనేసుకొని నూలు కండెలు ఎట్ల సుట్టాలె నేను? మీ నాయినకు కండె అందకుంటే మగ్గం ఆగుతుండె. గది చెప్పినవా ఆమెకు?”

“తప్పు నీదనలే ఆమె.”

“ఆమె అనలే. నువ్వన్నవ్.”

“సంచి సర్దుకొని ‘పోతాన్న’ అనుకుంట బస్టాండ్ దాక పోయేదానివి. నేను ఎనుక ఏడ్సుకుంట ఉరుకుడు. అది గూడ చెప్పిన.”

“అది గూడనా?”

“‘మీ అమ్మకు గూడ నీ లెక్కనే ఉన్నదేమో’ అన్నది డాక్టరమ్మ.”

“నన్ను చూడకుండనే?”

“ఉన్నదనలే. ఉన్నదేమో అన్నది. ‘మీ అమ్మ చిన్నతనం ఎట్ల గడిచింది’ అని అడిగింది. నాకు తెల్వదన్న.”

“తెల్వదన్నవా.”

“నువ్వెన్నడన్న చెప్తివా?”

“ఎవలన్న అడిగిండ్రా?”

“ఇప్పుడు చెప్పు.”

“ఏమున్నది చెప్పనీకి. మా అమ్మ సూరత్‌కు మగ్గాల పనికి పోయింది. నన్ను మా అమ్మమ్మ ఇంట్ల దింపి, పొద్దుగూకేవరకు వస్తనన్నది.”

“వచ్చిందా?”

“వచ్చింది. నేను పెద్దమనిషినైనంక. అప్పటికి ఆమె మొకం గుర్తువట్టలే నేను.”

“ఏడ్సినవా అమ్మా, పోయిన దినం?”

“ఏడ్సిన. ‘ఏం గాలె, లే, బువ్వ తిను’ అన్నరు. లేసి తిన్న.”

“గివన్ని ఆమెకు చెప్పి ఉంటే మంచిగుంటుండె. నువ్వేమో లోపటికి రానంటివి. ఆమె మీద అంత కుళ్లు ఎందుకే నీకు?”

“ఆమె మీద కాదు బిడ్డా నాకు కుళ్లు. నీ మీద. నీకు అడిగేటోళ్లు దొరికిండ్రు.”