అట్ట మీద ఒక్క పేరు

ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో ముగ్గురున్నారు: తల్లి, మెటల్ పాటల గాయని, పోయినవాళ్ల కోసం జపాన్ ఇళ్లలో ఉంచే తలుపుల పూజాపీఠంలో పటమైన కొడుకు ఇత్సుకి. గాయని తన తొలి సొంత ఆల్బం సీడీని పటం ముందు పెట్టి గంట మోగించింది.

"వయొలిన్లూ, కోరసూ పెట్టావట. మీ బ్యాండులో అంతా గిటారు హోరే కదా?"

"చివరి పాట ఇత్సుకి బాణీయే, పిన్నిగారూ. దానికి వయొలిన్లు కావాలని తనే అనేవాడు."

"ఇక్కడే కూర్చుని ఈల వేసేవాడు. వాడి పేరెక్కడ వేశారో చూపించు."

"వెయ్యలేదు. ఒక్క పేరే బాగుంటుందన్నారు కంపెనీవాళ్లు."

"నువ్వేమన్నావు?"

"సరేనన్నాను."

"ఏడుపొస్తోందా?"

"లేదు. ఏమీ రావడం లేదు."

"నాకూ రావడం లేదులే."

తల్లి సీడీ తీసి ఆమె చేతిలో పెట్టింది. రాత్రి పడుకోబోయే ముందు మూసే పూజాపీఠం తలుపులను, పట్టపగలే ఆమె ముఖం మీద మూసేసింది.