పదమూడో నంబరు పానా

ఉపగ్రహాలు బిగించే షెడ్డుకి ఎదురుగా ఉన్న టీ కొట్టులో ఫిట్టర్ మేస్త్రి బల్ల మీద గట్టిగా చరిచాడు. పక్కన ఆయన బావమరిది తల వంచుకుని కూర్చున్నాడు. అదే షెడ్డులో పని అతనిది కూడా. పొద్దుటే చేతికి సస్పెన్షన్ కాగితం ఇచ్చారు.

"పానా పోయిందట, పానా. పదమూడో నంబరు పానా. ఉపగ్రహం మూత బిగించే ముందు పనిముట్లన్నీ బోర్డు మీద గీసిన వాటి వాటి బొమ్మల్లో తగిలించి చూస్తాం కదా, శుక్రవారం సాయంత్రం ఒక బొమ్మ ఖాళీగా ఉందట. లోపలే మర్చిపోయారంటారు, రేపు ఉపగ్రహం మొత్తం విప్పుతామంటారు, తీసుకునేటప్పుడు సంతకం పెట్టింది వీడే కాబట్టి వీడి ఉద్యోగం పీకేస్తామంటారు. ఆ ఇంజనీర్లకి కళ్ళు నెత్తికెక్కాయి. నేను చెప్తున్నాను, ఆ పానా లోపల లేదు."

"మరెక్కడుంది మేస్త్రీ?" గ్లాసులు కడుగుతూ అడిగాడు టీ కొట్టు ఆయన.

"పైనుంది. పోయినేడు పంపిన ఉపగ్రహంతో పాటు వెళ్ళిపోయింది. గంటన్నరకోసారి మన నెత్తి మీద నుంచే తిరుగుతోంది."

"శుక్రవారం దాకా బోర్డు మీదున్నది పోయినేడు ఎలా వెళ్ళింది?" ఎదురు బల్ల మీది లారీ డ్రైవరు.

"మధ్యలో అడ్డు పడకు. ఆఫీసులో మొత్తుకున్నాను, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. సరే, మీకు చేతకాకపోతే నేనే తెస్తానని మొన్న ఆదివారం ఒక రాకెట్ ముక్కులో సామానుతో పాటు ముడుచుకుని కూర్చున్నాను. పైకెళ్ళి చూద్దును కదా, ఒళ్ళు మండిపోయింది. ఊడిపోయిన రాకెట్ ట్యాంకులు, చచ్చిన ఉపగ్రహాలు, స్క్రూలు, రంగు పెచ్చులు. ఎవరి చెత్త వాళ్ళు ఊడ్చుకోవాలన్న ఇంగితం ఒక్కడికీ లేదు. గోరంత పెచ్చు, తుపాకీ గుండుకి పదింతల వేగం, నా చెవి పక్క నుంచే పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెనకాలే ఓ స్క్రూ. నాలుగు తిట్టాను. పక్కకి తప్పుకుంది."

"అక్కడ గాలుండదు కదా, వినబడుతుందా?" అన్నాడు టీ కొట్టు ఆయన.

"నా తిట్టుకి గాలితో పనేంటయ్యా? ఇంతలో ఈ కొట్టంత ట్యాంకు మీదకొస్తే కాలితో తన్నాను, అది పోయి ఇంకోదాన్ని గుద్దింది, రెండూ కలిసి వెయ్యి ముక్కలయ్యాయి, ఆ వెయ్యీ ఏరి చొక్కాలో మూట కట్టేసరికి భూమిని పదకొండు చుట్లు చుట్టాను. పన్నెండో చుట్టులో దొరికింది పానా. దొరికితే సరా, దిగొద్దూ? అసలు చావంతా దిగడంలోనే ఉంది. నిటారుగా దూకితే బూడిదవుతాం. మరీ ఏటవాలుగా వస్తే చెరువు మీద విసిరిన పెంకులా మళ్ళీ పైకే ఎగిరిపోతాం. నేను పాత రాకెట్ తలుపొకటి కింద వేసుకుని మధ్యస్తంగా జారాను. తలుపు నిప్పు కణికైంది. ఆ మంటలోనే మూటలోని చెత్తంతా కాల్చేశాను, ఊరికి ఉపకారం."

"మీసం కాలలేదేం?" అన్నాడు డ్రైవరు.

"రెండు చేతులా మూసుకున్నాను. అప్పుడే పానా జారి కాలిపోయింది, నా కళ్ళతో చూశాను. కాబట్టి ఉపగ్రహం విప్పినా దండగే, వీడి తప్పు లేదు, నేనే సాక్ష్యం. వింటారా వాళ్ళు? మనిషి మాటకి విలువే లేకుండా పోయింది."

బావమరిది తలెత్తాడు. "లోపల లేదని నీకంత గట్టిగా ఎలా తెలుసు బావా?"

"చూశానంటున్నానుగా."

"నేనూ చూశాను. ఈ కాగితం సంగతి అక్కకి చెబుదామని ఇందాక మీ ఇంటికెళ్ళాను. వంటింటి కుళాయికి పిడి ఊడిపోయింది కదా, అక్క దాన్ని పానాతో తిప్పుతోంది. పానా మీద పదమూడు చెక్కి ఉంది. శుక్రవారం మీ బావ జేబులో ఉండిపోయిందట్రా అంది."

డ్రైవరు నవ్వబోయి ఆగిపోయాడు. మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు.

"సోమవారం తిరిగిచ్చేద్దామనే అనుకున్నాన్రా. ఈలోగా గొడవైపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. భయమేసింది."

"నాది ఆరేళ్ళే బావా. రేపు ఏడింటికి విప్పడం మొదలుపెడతారు. ఆకాశం దాకా పోయొచ్చినవాడివి, ఈ రోడ్డు దాటి ఆ గేటు దాకా రాలేవా?"