కోసేసిన తొమ్మిది పాయింట్లు

మైదానంలో సున్నంతో గీతలు గీస్తున్న తండ్రి దగ్గరికి, అదే ఫుట్‌బాల్ క్లబ్బులో లెక్కలు రాసే కూతురు వచ్చి నిలబడింది.

"నాన్నా, లీగు వాళ్లు మనకి తొమ్మిది పాయింట్లు కోసేశారు. పట్టికలో అట్టడుక్కి పడిపోయాం. అంతా నా వల్లే."

"నువ్వేం చేశావే?"

"ఆటగాళ్లకి జీతాలు ఇచ్చేశామని లీగుకి రాసిన కాగితం మీద సంతకం పెట్టమన్నాడు ఓనరు. నేను పెట్టనన్నాను. జీతాలు ఎగ్గొట్టారని లీగుకి తెలిసిపోయింది."

"ఇచ్చారా మరి?"

"నాలుగు నెలలుగా పైసా ఇవ్వలేదు."

"అయితే ఏడుపెందుకు, పిచ్చిమొహమా?"

"ఈ క్లబ్బంటే నీకు ప్రాణం కదా!"

"ప్రాణమే. అందుకే ఒకసారి పెద్ద టీము వస్తోందని, ఈ ఓనరు వాళ్ల నాన్న, వాళ్లకి పరుగెత్తే చోటు లేకుండా మైదానం దొంగచాటుగా ఇరుకు చెయ్యమంటే, రెండు పక్కలా గజం లోపలికి గీత గీశాను. గెలిచాం. ఆ కప్పు వంక ఇప్పటికీ చూడలేను."

"ఎప్పుడూ చెప్పలేదే!"

"చెప్పుకునే పనా అది? నేను కాదనలేకపోయాను. నువ్వు కాదనగలిగావు."

"బయట అభిమానులు నా మీద మండిపడుతున్నారు నాన్నా. ఎలా వెళ్లను?"

తండ్రి సున్నం డబ్బా కింద పెట్టి, చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు.

"ముందు గేటు గుండానే వెళ్దాం. నా కూతురు ఎలాంటిదో వాళ్లూ చూడాలి. పద."