చాక్లెట్ల బాదం పలుకు

సిద్దిపేట బస్టాండుల మిరుదొడ్డి బస్సు కోసం ఆలుమగలు నిలబడ్డరు. దవాఖాన నుంచి వచ్చిన కాడికెల్లి ఆయన నోరు మూతపడుతలేదు. ఆమెకేమో చెప్పాల్నా వద్దా ఎటూ తేలుతలేదు.

“చూసినవానే, బీపీ నూటముప్పైకి దిగింది! డాక్టరమ్మ సుత నవ్వింది!”

“చూసిన తియ్యి. జర మెల్లగ, అందరు మనదిక్కే చూస్తున్నరు.”

“చూడనీ! దుబాయి నుంచి నీ తమ్ముడు నల్ల చాక్లెట్ పంపి, గుండెకు మంచిదంటే పరాచికమనుకున్న. నెల దినాలు రోజుకో ముక్క తిన్న. ఒక్క గోలీ ముట్టలే! చేదున్నదే మందు.”

“ఇప్పుడేమంటవ్ మరి?”

“ఈ గోలీల చీటి చింపేస్త. రేపు పొద్దుగాల నడుముకు మోకేసుకొని కల్లుకు తాటిచెట్టెక్కుత!”

“ఆగయ్యా, చింపకు! ఆ ముక్కల నడుమ పంటికి గట్టిగ ఏం తగిలేది?”

“బాదం పలుకు.”

“బాదం కాదు, బీపీ గోలీ. గోలీ అంటె నువ్వు మొకం తిప్పుతుంటివి. చాక్లెట్ కరగబెట్టి నడుమ పెట్టిన. డాక్టరమ్మను అడిగే చేసిన. చాక్లెట్ జరంత తింటె మంచిదే కావచ్చు, గోలీకి బదులు మాత్రం కాదన్నది.”

ఆయన చీటిని మడిచి అంగి జేబుల పెట్టుకున్నడు.

“నెల దినాలు రోజూ గిదే పనా నీకు?”

“ఏం జెయ్యాలె? చెట్టు మీద తల తిరిగి పడ్తవేమోనని నా పానం కొట్టుకుంటుండె.”

“రేపటి సంది గోలీ చేతులనే పెట్టు, నీళ్లతోని మింగుత. చాక్లెట్ నువ్వు తిను. నాతోని ఏగే గుండె నీది.”