తవిటయ్య లైటుకి చుట్టిన పొగాకు

నేను కాల్చే చుట్ట మీద ఒట్టు బాబూ, ఇందులో ఒక్క మాట అబద్ధమైతే ఇక ఈ జన్మకి నా చుట్టకి నిప్పంటుకోకూడదు. మా ముసలోడు, అదే నా మొగుడు తవిటయ్య, సంతకెళ్లాడు. ఎందుకెళ్లాడు, ఉల్లిపాయలకెళ్లాడు. ఏటి తెచ్చాడు, లైటు తెచ్చాడు. చేత్తో పట్టుకునే లైటు, ఇంతే ఉంటాది, పొడుగు వంకాయంత, నల్లగా నిగనిగలాడతా. దాన్ని అమ్మినోడు ఏమన్నాడంటే, తాతా, చవగ్గా వచ్చిందని చిన్నచూపు చూడకు, దీన్ని మీ కొండెక్కి వేశావనుకో, సముద్రంలో చేపలు తెల్లారిందని లేచి కూర్చుంటాయి అన్నాడంట. ఈయన నమ్మీశాడు. మరి బ్యాటరీ ఏదిరా అంటే, నా దగ్గర లేదు తాతా, ఆ చివర కొట్లో చార్జింగు పెట్టుకునేది అడుగు, ఇస్తాడు అన్నాడంట. ఆ చివర కొట్టువాడు లైటు మొహమైనా చూడకుండా చేతికందిన బ్యాటరీ తీసి, సరిపోతాది, పో తాతా అన్నాడంట. పొడుగు సరిపోనాది, ఉన్నమాట చెప్పాలి. లావో? ఏనుగు చొక్కా పిల్లికి తొడిగినట్టున్నాది. చెయ్యి కదిపితే చాలు, లోపల గడగడా, గడగడా. ఆ చప్పుడుకి పక్కూరి కుక్కలన్నీ మా వీధికొచ్చి నిలబడ్డాయి.

ఇంటికి రాగానే, "ఒలే ఎర్రెమ్మా, ఇలా రా, సూరీడ్ని పట్టుకొచ్చాను" అని గాదెలోకి తలదూర్చి మీట నొక్కాడు. వెలిగింది! అలాగా ఇలాగా కాదు, గాదె అడుగున గింజ గింజకీ నీడ పడింది. ఎలకలు కళ్లకి చేతులడ్డం పెట్టుకున్నాయి, నేను చూశాను. ఓలమ్మో అని నేను నోరు తెరిచేలోపల ఆరిపోనాది. కిందకి వంచితే వెలుగుతాది, పైకెత్తితే ఆరిపోతాది. కొడితే వెలుగుతాది, మెచ్చుకుంటే ఆరిపోతాది. "అచ్చం నీలాగే ఉన్నాది మావా" అన్నాను. అంతే, అలిగి ఆ పూట అన్నం తినలేదు. అంటే, మూడోసారి వడ్డించుకోలేదు.

మర్నాడు పొద్దున్న ఏటైందంటే, బోడెమ్మ గుండెలు బాదుకుంటా పరిగెత్తుకొచ్చింది. బోడెమ్మంటే మా వెనకింటి మనిషి, నన్ను వదినా అంటాది. మొగుడు పోయాక ఆ మనిషికి మిగిలింది ఒక్క మేక, పేరు బొల్లి. నిండు చూలుతో ఉన్నాది. దాని పాలు, దాని పిల్లలు, అదే బోడెమ్మకి పొలం, అదే కొడుకు. తెల్లవారుజామున వాన పడితే కొండమీద గుహలోకి దూరిందంట, ఇక బయటికి రాలేదు. గుహకి వెళ్లి చూద్దుము కదా, అప్పటికే ఊరు ఊరంతా అక్కడున్నాది. ఊళ్లో ఏది జరిగినా ముందు దూరే గున్నయ్య తువ్వాలు తలకి చుట్టి పెత్తనం చేస్తున్నాడు. జీడితోటల్లో ఎలుగుబంటి తిరుగుతున్నాదని అప్పటికి వారంరోజులై అందరికీ భయం. ఒకడు డబ్బా వాయిస్తాడు, ఒకడు తప్పెట కొడతాడు, ఒకడు పళ్లెం మోగిస్తాడు. ఆ గోలకి కొండ రెండంగుళాలు పక్కకి జరిగింది.

మా ముసలోడు అదను చూసుకుని, "జరగండి, జరగండి, నా దగ్గర లైటున్నాది" అని ముందుకెళ్లి గుహలోకి కొట్టాడు. గడగడమని ఒక్కసారి వెలిగింది, చిమ్మచీకట్లో రెండు పచ్చటి కళ్లు మెరిశాయి, ఆరిపోనాది. ఇంకేముంది, "ఎలుగే!" అన్నాడు గున్నయ్య. ఇక ఆ ఎలుగు ఎంతున్నాదో ఒకడు చెప్తాడు, గోళ్లు ఎంతున్నాయో ఇంకొకడు చెప్తాడు, చూసినట్టే. మావేపు ఎలుగుని గుహలోంచి ఎలా వెళ్లగొడతారంటే, గుహ నోటి దగ్గర ఎండుగడ్డి వేసి, దానిమీద గంపెడు మిరపకాయలు పోసి నిప్పెడతారు. ఆ గుహకి ఒకటే నోరు. గడ్డి పేర్చీశారు. మిరపకాయలు పోసీశారు. గున్నయ్య అగ్గిపెట్టె తీశాడు. బోడెమ్మ వాడి కాళ్లమీద పడి, "బాబూ, లోపల నా బొల్లి ఉన్నాది, ఆ పొగకి ఊపిరాడక చచ్చిపోతాది" అని ఏడుస్తుంటే, "ఇంకా ఎక్కడి మేక బోడెమ్మా, ఎలుగు కడుపులో ఉన్నాది" అన్నాడు. ఎంత మాట! ఆ మాటకి నాకు ఎక్కడో కాలింది.

మరి నేనేటి చేశాను? మావ చేతిలో లైటు లాక్కుని, రాయిమీద కూర్చుని, కొంగుముడి విప్పి, ఆ రోజుకి మిగిలిన ఒకే ఒక్క పొగాకు తీశాను. పొద్దున్నించీ చుట్ట కాల్చలేదు నేను, గుర్తుపెట్టుకో. ఆకు ఈనె తీసి తొడమీద పరిచి చుట్టడం మొదలెట్టాను. "సిగ్గులేదా ఎర్రెమ్మత్తా, ఆ మనిషి ఏడుస్తుంటే నీకిప్పుడు చుట్ట కావాలా?" అన్నాడు గున్నయ్య. "పరువు తీశావే" అన్నాడు మా ముసలోడు. నేను లైటు మూత విప్పి బ్యాటరీ బయటికి లాగాను. ఆకు మధ్యలో దాన్ని పెట్టాను. రెండు కొసలూ వదిలీసి, నడుముకి మాత్రం బిగించి చుట్టాను. నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చే చుట్ట వదులైతే నాలిక కాలుతాది బాబూ, యాభయ్యేళ్లుగా చుడుతున్న చేతులివి, వెంట్రుకంత వదులు రానివ్వవు. ఉమ్మి తడి తగలనివ్వకుండా అంచు నొక్కి, లైటులోకి తోసి, మూత తిప్పాను. ఊపాను. చప్పుడు లేదు. ఇంకా ఊపాను. పెళ్లిపీటల మీద కొత్తపెళ్లికూతురు కూర్చున్నట్టు కూర్చున్నాది. గున్నయ్య అగ్గిపుల్ల గీశాడు, నేను మీట నొక్కాను.

అబ్బబ్బబ్బ! ఆ వెలుగు చూసి ఆకాశంలో సూరీడు మబ్బు చాటుకెళ్లిపోనాడు. గుహలో గబ్బిలాలు తెల్లారిందనుకుని పళ్లు తోముకోడానికి బయల్దేరాయి. పైకెత్తాను, ఆరలేదు. తలకిందులు చేశాను, ఆరలేదు. లోపలికి కొడితే, రెండు కళ్లు కావు, ఆరు కళ్లు! "మూడెలుగులురా!" అన్నాడు గున్నయ్య. అగ్గిపుల్ల ఇటు, తువ్వాలు అటు, మనిషి కొండకింద. డబ్బావాడు డబ్బా వదిలీశాడు, తప్పెటవాడు తప్పెటతో సహా దొర్లాడు. నా మొగుడో? అందరికంటే ముందున్నాడు, పరిగెత్తడంలో. అగ్గిపుల్ల తడినేలమీద పడి తుస్సుమన్నాది. మిగిలింది నేను, బోడెమ్మ. గోల ఆగిపోనాది కదా, అప్పుడు లోపల్నించి ఏటి వినిపించింది? "మ్మే" అని. వెనకే సన్నగా ఇంకోటి. వెనకే ఇంకోటి.

"వదినా, నా బొల్లి!" అని బోడెమ్మ గడ్డీ మిరపకాయలూ కాలితో తన్నీసి లోపలికి పాకింది. నేను వెనకాల లైటు పట్టుకున్నాను. వెలుగు ఒక్కసారైనా వణకలేదు. రాతి మూలలో బొల్లి, కడుపుకింద ఇంకా తడారని రెండు పిల్లలు. ఆ తప్పెట మోతకి పాపం నోరెత్తలేదు, పిల్లల్ని వదిలి బయటికీ రాలేదు. బోడెమ్మ వాటిని చెరో చంకలో పెట్టుకుని బయటికొచ్చి ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. ఊరందరూ ఒక్కొక్కరే చెట్లెనకనించి వచ్చారు. "నాకు ముందే తెలుసు, మేకేనని" అన్నాడు గున్నయ్య. "అయితే ఆ పిల్లల్ని మొయ్యి" అని బోడెమ్మ వాడి చేతుల్లో పెట్టీసింది. తప్పెట ముందు, పిల్లలెత్తుకున్న గున్నయ్య వెనక, దేవుడి ఊరేగింపులాగ కొండ దిగాము. ఒక పిల్లకి లైటనీ, ఇంకోదానికి బ్యాటరీ అనీ పేర్లు పెట్టింది బోడెమ్మ. బ్యాటరీ ఇవాళ్టికీ ఒకచోట నిలబడదు. మా ముసలోడు మాత్రం ఊరంతా తిరిగి, నేను ఏరి కోరి తెచ్చిన లైటు చూశారా అంటాడు. అననీ.

ఆ ఆకు ఇప్పటికీ ఇదిగో ఈ లైటులోనే ఉన్నాది బాబూ. నమ్మకం లేకపోతే మూత విప్పి చూసుకో. కానీ ఆగు, ఇప్పుడు విప్పకు. పొద్దున్నించీ నా కొంగుముడి ఖాళీ, ఆకు కంటపడితే నా చేతులు నా మాట వినవు. ముందు నువ్వు లేచి కొట్టుకెళ్లి ఒక పొగాకు కట్ట పట్టుకురా. అలాగే దారిలో ఉల్లిపాయలు కూడా తీసుకో, మా ముసలోడు ఇవాళ్టికీ తేలేదు.