పదకొండో గడి

డోక్కుమ్ ఊరి కోటగోడ కింద కారాపి, తండ్రి అద్దం మీద దబదబా కొడుతున్న వానను చూశాడు. వెనక సీట్లో మూడేళ్ల వీత్సె చక్కెర రొట్టె పట్టుకునే నిద్రపోయాడు. వాడి అక్క, ఏడేళ్ల నింకె, పదకొండు గడుల అట్టకార్డులు రెండు ముందుకు చాపింది.

"పొద్దుట్నుంచీ పది ఊళ్లు తిరిగాం నాన్నా. ఇదొక్కటే మిగిలింది."

"ముద్ర ఇలా తే. ఇక్కడే కూర్చుని గుద్దేస్తా."

"ఊరి వంతెన నడిచి దాటితేనే ముద్ర. నువ్వే చెప్పావు."

"చెప్పినప్పుడు వాన లేదు తల్లీ. అయినా ఎవరు చూడొచ్చారు?"

"తాతయ్య అడుగుతాడు."

"బంగాళాదుంప చెక్కి ఈ ముద్ర చేసిచ్చిందే తాతయ్య! ఆయనేం అనడు."

"మరి ఆయన కార్డులో పదకొండో గడి ఎందుకు ఖాళీగా ఉంది?"

"ఎన్నిసార్లు చెప్పాలే? పదకొండు ఊళ్ల పందెం జరిగిన ఆ ఏడు మంచుతుఫాను. గడ్డకట్టిన కాలువల మీద స్కేటింగ్ చేస్తూ పది ఊళ్లు దాటాడు. ఈ ఊరి పొలిమేరలో కూలబడిపోయాడు."

"ఇంటికెళ్లాక తనే ఓ ముద్ర గుద్దేసుకోవచ్చుగా? ఖాళీ గడితోనే గోడకెందుకు తగిలించాడు?"

తండ్రి గొడుగు తీసి, వెనక తలుపు తెరిచి, నిద్రపోతున్న కొడుకును భుజానికెత్తుకున్నాడు.

"పద, మొండిఘటమా."

"వాణ్ణి దించు నాన్నా."

"పాపం, నిద్రలో ఉన్నాడే!"

"లేపు. వాడికీ కార్డుంది. తాతయ్యని ఎవరూ ఎత్తుకుని దాటించలేదుగా!"